వాడుకకు హద్దు, రుసుముకు లెక్క

ఒకప్పుడు రేడియో కొన్న గృహస్థు ఏడాదికొకసారి తపాలా కచేరికి పోయి, లైసెన్సు పుస్తకము చూపి, ఆ యేటి రుసుము చెల్లించి, ముద్ర వేయించుకొని వచ్చెడివాడు. 1980వ దశకము నడుమ ప్రభుత్వము ఆ రుసుమును రద్దుపరచు వరకు ఈ పద్ధతి సాగినది. అందులో ఒక విశేషము కలదు. ఉదయము వార్తలు మాత్రము విని పెట్టె మూసినవారును, రాత్రి నాటకము ముగియు వరకు చెవియొగ్గి కూర్చున్నవారును చెల్లించినది ఒక్కటే మొత్తము. ఎంతసేపు వింటిరని ఎవరును అడుగలేదు. అడుగవలసిన పనియు లేదు. ఆకాశమున వచ్చు ధ్వనిని పొన్నూరులో ఒకరు విన్నంత మాత్రమున ఒంగోలులో మరొకరికి తరుగు రాదు గదా!

కాలువనీటి సంగతి అట్లు కాదు. ఎగువరైతు ఒక తడి ఎక్కువ పెట్టినచో దిగువరైతు పైరు ఒక తడి తక్కువగా ఎండును. కనుక నీటికి హద్దు వలెను. హద్దు మీరినవారికి అదనపు రుసుము వలెను. నీరు అందనివారికి తగ్గింపు వలెను. ధ్వనికిని నీటికిని గల ఈ భేదమును మనస్సునందుంచుకొని నేటి విషయమును పరిశీలింతము.

నేటి విషయము కంప్యూటరు సాఫ్ట్‌వేరు చందా. ఇప్పుడు గుంటూరు మిర్చి యార్డులోని కమీషను కొట్టులోనైనను, చిలకలూరిపేట ప్రత్తి వర్తకుని గుమాస్తా బల్లమీదనైనను, చిట్టా ఆవర్జాల స్థానమున కంప్యూటరు లెక్క ప్రవేశించినది. ఆ లెక్క వ్రాయు సాఫ్ట్‌వేరును నేడు పెక్కుచోట్ల ఒక్కసారి కొని ఇంటికి తెచ్చుకొనుట లేదు. నెలకింత, ఏటికింత అని చందా కట్టి వాడుకొనుచున్నారు. ఆ చందాలో ఇంతమంది గుమాస్తాలు, ఇన్ని బిల్లులు, ఇంత చోటు అని హద్దులుండును. నెల నడుమ ఒకరిని చేర్చినను, పెద్ద తరగతికి మారినను, మిగిలిన దినములకు దామాషా లెక్క వేసి రుసుము కోరుదురు. ఈ బిల్లు చేతికి వచ్చినప్పుడు మన వర్తకులు ఇదేదో క్రొత్త మాయయని తలచుట కద్దు. ఇది క్రొత్త కాదు. ఈ లెక్కకు మన జిల్లాలోనే నూరేండ్లకు మించిన చరిత్ర కలదని చూపుటయే మా ఉద్దేశము.

1832-33 సంవత్సరములలో గుంటూరు సీమను పీడించిన మహాక్షామమును మన పెద్దలు డొక్కల కరువని చెప్పుకొనిరి. లక్షకు పైబడి జనము ఆ కరువున నశించిరి. కృష్ణానది ప్రక్కనే ప్రవహించుచుండగా ప్రజలు ఆకలికి మడియుట చూచిన పిదప నదికి ఆనకట్ట కావలెనను మాట బలపడెను. సర్ ఆర్థరు కాటను ప్రేరణతో, కెప్టెన్ చార్లెస్ ఆర్ పర్యవేక్షణమున, బెజవాడయొద్ద 1852లో పని ఆరంభమై 1855లో ఆనకట్ట ముగిసినది. పశ్చిమ డెల్టా కాలువలు తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతములను మాగాణముగా మార్చినవి.

నీరు వచ్చినది. అంతట నీటికి వెల ఎట్లు కట్టవలెనను ప్రశ్నయు వచ్చినది. 1865వ సంవత్సరమున మదరాసు ప్రభుత్వము ఏడవ చట్టముగా నీటితీరువ చట్టమును చేసినది. ప్రభుత్వపు వనరునుండి నీరు తీసికొన్న భూమికి శిస్తుగాక వేరుగా తీరువ విధించు అధికారము దానివలన కలిగినది. నాటి రెవెన్యూ లెక్కలలో రెండు మాటలు స్థిరపడినవి. మెట్టగా నమోదైన భూమికి సర్కారు నీరు పెట్టినచో తీర్వజాస్తి. ఒక పంటకే నీరు గల మాగాణిలో రెండవ పంట పండించినచో ఫసల్‌జాస్తి. జాస్తి యనగా ఎక్కువ. ఒప్పుకొన్న హద్దునకు మించి వాడినదానికి ఎక్కువగా చెల్లించు రుసుమని అర్థము. అనుమతి లేకయే నీరు తీసికొన్నవారికి అపరాధపు రేటు వేరు. ఇక నీరందక పైరు ఎండినను, వరదలో మునిగినను, జమాబందిలో విచారించి శిస్తులో కొంత తగ్గించు పద్ధతి కలదు. దానిని వజా యనిరి.

ఈ నాలుగు మాటలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. శిస్తు, హద్దు, జాస్తి, వజా. నేటి సాఫ్ట్‌వేరు బిల్లులో మూలపు చందా, వాడుక పరిమితి, పరిమితి దాటిన రుసుము, వాపసు జమ యను నాలుగును ఇవియే. కరణము అడంగలులో సర్వే నంబరు వారీగా ఏ పైరు ఎంత విస్తీర్ణమున్నదో వ్రాసినట్లే, నేడు యంత్రము ప్రతి వాడుకను తన అడంగలులో వ్రాసికొనుచున్నది. ఫసలీ సంవత్సరము జులై 1వ తేదీతో ఆరంభమైనట్లే, ప్రతి చందాదారునికిని తన బిల్లు ఆరంభమగు తేదీ యొకటి యుండును.

హద్దును దేనితో కొలువవలెను? ఈ ప్రశ్న చిన్నది కాదు. ప్రీవీ కౌన్సిలు వరకు పోయినది. ఉత్తరాంధ్రమున వంశధార నీటితో సాగగు ఉర్లాము జమీను విషయమున, 1865 చట్టము క్రింద ప్రభుత్వము తీరువ కోరగా జమీందారు అంగీకరింపలేదు. శాశ్వత శిస్తు నిర్ణయము నాటికే ఆ కాలువలున్నవనియు, వాటి నీటిని వాడుకొను హక్కు ఆ ఒప్పందముతోడనే వచ్చినదనియు ఆయన వాదము. ఎంత భూమి సాగుచేసితివని చూడవలెనా, కాలువ ఎంత నీరు మోయగలదని చూడవలెనా? 1917లో ప్రీవీ కౌన్సిలు జమీందారు పక్షమున తీర్పు చెప్పినది. పాత కాలువల మేరకు పాత హక్కు నిలిచినది. ఒప్పందము చేసికొన్ననాటి కొలతను ఒక పక్షము తనంతట తాను మార్చరాదను నీతి ఇందు కలదు. చందా కట్టిన పిదప నడుమ కొలతను మార్చు వర్తకమును గూర్చి నేడు విను ఫిర్యాదులకు మూలసూత్రము ఇదియే.

హద్దు ఎవరి మేలుకొరకు? దీనికి నాగార్జునసాగరము చక్కని ఉత్తరము చెప్పును. 1955 డిసెంబరు 10వ తేదీన ప్రధాని జవాహర్‌లాల్ నెహ్రూ దానికి శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీన ప్రధాని ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదలిరి. కుడికాలువ గుంటూరు ప్రకాశము మెట్టలకు ప్రాణమైనది. అయితే ఆ ఆయకట్టులో ప్రతి ఎకరమునకు వరి నీరు లేదు. కొంత భూమిని మాగాణిగాను, కొంత భూమిని ప్రత్తి, మిరప వంటి ఆరుతడి పైరులకును విభజించిరి. ఎగువనున్నవారు ఆరుతడి భూమిలో వరి నాటినచో వారి బిల్లు కొంత పెరుగునేమో గాని, చివరి భూములలోని రైతు మిరపచేను నీరులేక వాడిపోవును. జాస్తి రుసుము సర్కారు ఖజానాలో పడును. నష్టము దిగువరైతు నెత్తిన పడును. 1996లో పెంచిన రేట్లలో పెద్ద ప్రాజెక్టుల క్రింద మొదటి మాగాణి పంటకు ఎకరమునకు 200 రూపాయలు, ఆరుతడికి 100 రూపాయలు విధించిరి. కాని రేటు ఒక్కటే నీటిని దిగువకు పంపజాలదు. కనుకనే 1997లో రైతుల యాజమాన్యపు చట్టము చేసి నీటి సంఘములను ఏర్పరచిరి. వంతులవారీ నీరు, తూము మూత, సంఘపు నిఘా, ఇవన్నియు హద్దును కాపాడుటకే.

హద్దులన్నియు ఇట్టివేనా? కావు. పల్నాటి కథ మరియొక విధమైనది. 1882 మదరాసు అటవీ చట్టమునకు పిదప అడవులు రిజర్వులైనవి. తరతరములుగా పశువులను తోలుకొనిపోయిన చోటనే, తలకింత చొప్పున పుల్లరి కట్టి అనుమతి పొందవలసిన స్థితి వచ్చినది. గడ్డియు మేసినకొలది తరుగునదే యని అధికారులు చెప్పవచ్చును. కాని ఆ హద్దు ఎవరితో సంప్రదించి గీసిరి? ఎండిన సీమలో ఆ రుసుము ఎవరి శక్తిని చూచి నిర్ణయించిరి? 1921లో పల్నాటి ప్రజలు పుల్లరి చెల్లింపక పశువులను అడవిలోనికి తోలిరి. పరిస్థితిని పరిశీలింప వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణగారిని, మాడభూషి వేదాంతము నరసింహాచార్యులవారిని ప్రభుత్వము నిర్బంధించినది. 1922 ఫిబ్రవరిలో మించాలపాడున కన్నెగంటి హనుమంతుగారు తుపాకి గుండ్లకు బలియైరి. పశువు తలకు వేసిన రుసుముకు మనిషి తల చెల్లవలసివచ్చినది.

చీరాల పేరాలల సంగతియు ఆ కాలమునదే. 1919లో ఆ గ్రామములను కలిపి పురపాలక సంఘముగా చేసిరి. పన్నులు అనేక రెట్లు పెరిగినవి. తమకు అక్కరలేని తరగతికి తమను చేర్చి హెచ్చు రుసుము కోరుచున్నారని ప్రజలు మొరపెట్టుకొనిరి. వినువారు లేకపోయిరి. 1921 ఏప్రిల్ 6వ తేదీన గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చిరి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున, పదిహేనువేల జనములో అత్యధికులు ఇండ్లు విడిచి, పురపాలక సంఘపు పొలిమేర దాటి, రామనగరమను పేర పాకలు వేసికొని పదకొండు నెలలు నివసించిరి. చందా మానుకొను హక్కు కాగితముమీద లేనప్పుడు ఊరినే మానుకొనిరన్న మాట. రుసుము ఎంతయన్నదానికంటె, తన సమ్మతి లేకయే తరగతి మార్చిరన్నదే మనిషిని ఎక్కువ బాధించునని ఈ రెండు ఘట్టములు తెలుపుచున్నవి.

ఇక యంత్రముల చరిత్రకు వత్తము. కంప్యూటరు యుగారంభమున ఐ.బి.ఎం. సంస్థ తన యంత్రములను ఎక్కువగా అమ్మక అద్దెకిచ్చెడిది. నెల అద్దెకు 176 గంటల వాడుక అని హద్దు. దినమునకు ఎనిమిది గంటలు, నెలకు 22 పనిదినములు. యంత్రమునకు గడియారము బిగించియుండెడిది. గంటలు మించినచో అదనపు రుసుము. ఇది సాక్షాత్తు ఫసల్‌జాస్తియే! 1961లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున ఫెర్నాండో కొర్బాటో బృందము ఒకే యంత్రమును అనేకులు ఏకకాలమున వంతులవారీగా వాడు విధానమును ప్రదర్శించెను. తరువాత కాలమును పంచి అమ్ము వర్తకము లేచినది. ఎంతసేపు తంతితో కలిసియుంటిరి, యంత్రము మీకొరకు ఎన్ని సెకనులు పనిచేసినది అని లెక్క వేసిరి.

1969లో ఐ.బి.ఎం. యంత్రపు వెలనుండి సాఫ్ట్‌వేరు వెలను వేరుచేయ నిశ్చయించినది. అంతట సాఫ్ట్‌వేరు వేరే సరకైనది. పెట్టెలో పెట్టి అమ్మిరి. 1999లో స్థాపితమైన సేల్స్‌ఫోర్స్ సంస్థ, పెట్టె లేకుండ తంతిమార్గమున నెలచందాకు సాఫ్ట్‌వేరు ఇచ్చుటను వ్యాప్తిలోనికి తెచ్చినది. 2011లో మైక్రోసాఫ్టు ఆఫీస్ 365 పేర చందా పద్ధతిని ఆరంభించినది. 2013లో అడోబి సంస్థ తన చిత్రలేఖన సాధనముల క్రొత్త సంచికలను చందామీదనే ఇత్తునని ప్రకటించినది. 2006లో అమెజాన్ సంస్థ యంత్రబలమును గంటల లెక్కన అద్దెకిచ్చి, 2017లో కొన్ని యంత్రములకు సెకనుల లెక్కకు దిగినది. ఏడాది శిస్తునుండి సెకను లెక్కవరకు మనము వచ్చితిమి.

ఇప్పుడు దామాషా లెక్కను ఒక ఉదాహరణముతో చూతము. మిర్చి యార్డులో ఒక కొట్టున్నదనుకొందము. ముగ్గురు గుమాస్తాలు, మనిషికి నెలకు 600 రూపాయల చందా. ఏప్రిల్ 1వ తేదీన 1,800 రూపాయలు ముందుగా కట్టిరి. సరకు వెల్లువగా వచ్చుటచే 16వ తేదీన మరి ఇద్దరిని చేర్చిరి. ఏప్రిలుకు 30 దినములు గనుక దినమునకు 20 రూపాయలు. మిగిలినవి 15 దినములు. ఇద్దరికి 600 రూపాయలు. మే 1వ తేదీన వచ్చు బిల్లులో అయిదుగురి ముందు చందా 3,000, గడచిన పక్షపు బాకీ 600, వెరసి 3,600 రూపాయలు. యజమాని అయిదారులు ముప్పది యని లెక్కించి, ఈ ఆరువందలు ఎక్కడివని ఆశ్చర్యపడును. కారణము ఒక్కటే: పాతబాకీ వెనుకకు చూచును, క్రొత్త చందా ముందునకు చూచును, రెండును ఒకే కాగితముమీద పడినవి.

తరగతి మారినప్పుడు లెక్కకు రెండు కాళ్లు. నెలకు 1,500 రూపాయల తరగతినుండి 21వ తేదీన 2,400 రూపాయల తరగతికి మారిరనుకొందము. మిగిలిన 10 దినములకు పాత చందాలో 500 రూపాయలు జమ, క్రొత్త చందాలో 800 రూపాయలు ఖర్చు, చెల్లించునది 300. పెద్ద తరగతికి పోవునప్పుడు ఈ లెక్క తక్షణమే జరుగును. చిన్న తరగతికి దిగునప్పుడు మాత్రము పెక్కు సంస్థలు, ఈ నెల ముగియనిండు, వచ్చు నెలనుండి తగ్గింతుమందురు. లేదా మిగిలినదానిని ఖాతాలో జమ చూపుదురు గాని చేతికి రొక్కమియ్యరు. జాస్తికి తొందర, వజాకు తీరిక! రెవెన్యూ కచేరీ ముంగిట నిలిచిన మన తాతలకు ఇది అనుభవైకవేద్యమే.

నెలల పొడవు మరియొక చిక్కు. 600 రూపాయల చందా 28 దినముల ఫిబ్రవరిలో దినమునకు 21 రూపాయల 43 పైసలు. 31 దినముల మేనెలలో 19 రూపాయల 35 పైసలు. జనవరి 31వ తేదీన చేరినవారికి ఫిబ్రవరిలో 31వ తేదీయే లేదు. యంత్రము నెల చివరి దినమునకు సర్దుకొనవలెను. అధికమాసము వచ్చిన యేట జీతము పన్నెండు నెలలకా, పదమూడు నెలలకా యను ప్రశ్నకు ఇది తోబుట్టువు. పాలేరు నాగా పడిన దినములకు జీతమునుండి కోయునప్పుడును, పాలవర్తన నెల నడుమ నిలిపినప్పుడును, ఇంటి ఇల్లాలు గోడమీది క్యాలెండరు చూచి చేయు లెక్కయే ఇది. యంత్రము చేసినంత మాత్రమున దానికి మహిమ రాలేదు.

అన్నిటికంటె సూక్ష్మమైన చిక్కు హద్దును, దామాషాయు కలిసినచోట నున్నది. నెలకు 1,000 బిల్లుల పరిమితి గల తరగతిలో నెల సగము గడచిన పిదప చేరితిమి. చందా సగమే కట్టితిమి. మన పరిమితి 1,000 బిల్లులా, 500 బిల్లులా? 900 బిల్లులు వాడిన పిదప పెద్ద తరగతికి మారినచో ఆ 900 క్రొత్త హద్దులో చేరునా, సున్ననుండి మరల మొదలగునా? హద్దు తాకగానే తూము మూయుదురా, జాస్తి రుసుముతో పారనిత్తురా, వంతు తగ్గించి సన్నధారగా వదలుదురా? ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క విధముగా చేయును. యార్డులో బస్తాలు కుప్పలు పడియున్న దినమున, కాటా ముగిసి రైతు సొమ్ముకై నిలుచుండగా, మీ పరిమితి నిండినదని యంత్రము మొరాయించినచో, ఆ రైతు రాత్రి బస్సు తప్పును. ముందుగా అడుగని ప్రశ్నకు ఆ రాత్రి మూల్యము చెల్లించువాడు చందాదారుడు కాదు, మూడవవాడు. సాగరపు దిగువరైతు మరల మన కన్నులకు కట్టుచున్నాడు గదా!

మొదట చెప్పిన భేదమునకు తిరిగి వత్తము. సాఫ్ట్‌వేరు రేడియో ధ్వని వంటిదా, కాలువనీరు వంటిదా? మాకు తోచునది, అది రెంటిని పోలినదని. వ్రాసిన సాఫ్ట్‌వేరును ఒకరు వాడినంత మాత్రమున మరొకరికి తరుగదు. ఆ మేరకు అది ధ్వని. కాని దానిని నడపు యంత్రములు, అవి త్రాగు విద్యుత్తు, దాచు చోటు, ఇవి తరుగునవి. ఆ మేరకు అది నీరు. చోటుకును, యంత్రపు శ్రమకును పెట్టిన హద్దు కాలువ హద్దు, దానిని గౌరవింపవలెను. నాలుగవ గుమాస్తా పేరు చేర్చుటకు పెట్టిన హద్దు చాలవరకు కంచె హద్దు. అది వర్తకుడు తన వెలను అంచెలుగా విభజించుకొన్న విధానము. కంచె హద్దు అన్యాయమని మా యభిప్రాయము కాదు. వ్రాసినవారి కష్టమునకు ఫలము ఏదో రూపమున రావలసినదే. కాని కంచెను చూపి కాలువ యని చెప్పరాదు. దానిని కంచెగానే చూపి, వెల ముందుగా చెప్పి, సమ్మతి పొందవలెను.

కావున చందా కట్టువారు మూడు ప్రశ్నలు ముందుగా అడిగి, ఉత్తరము వ్రాతమూలముగా పుచ్చుకొనవలెను. కొలత దేనితో: మనిషికా, బిల్లుకా, దినమునకా? హద్దు తాకినప్పుడు తూము మూతయా, జాస్తియా? నడుమ మానుకొన్నచో వజా రొక్కముగానా, జమగానా, అసలు లేదా? ఈ మూడు ప్రశ్నలను మన జిల్లా ప్రజలు కాలువగట్టుమీదను, అడవి అంచునను, రామనగరపు పాకలలోను నిలిచి ఏనాడో అడిగిరి. వారు అడిగిన వెల చాల పెద్దది. మనకు ఒక కాగితమును శ్రద్ధగా చదివినంతనే ఆ ఉత్తరము దొరకుచున్నది. చదువకుండుట మాత్రము వారి ఋణము తీర్చుట కాదు.